మాన్యం నుంచి మినహాయింపు వరకు: సృజనరంగంలో కొత్తవారికి ప్రభుత్వ ఆదరణ – చారిత్రక పరిశీలన

ప్రస్తావన

తెలుగు సాహిత్యచరిత్ర తొలి పుటల్లోనే ఒక పన్ను మినహాయింపు ఉంది. క్రీ.శ. 1053 ప్రాంతంలో రాజరాజనరేంద్రుడు నందంపూడి గ్రామాన్ని నారాయణభట్టుకు అగ్రహారంగా ఇచ్చాడు. భారతాంధ్రీకరణలో నన్నయకు తోడ్పడిన పండితుడు నారాయణభట్టు. ఆ దానశాసనాన్ని రచించినవాడు నన్నయభట్టు. నన్నయ కాలనిర్ణయానికి సాహిత్యచరిత్రకారులు ఈ శాసనాన్ని విస్తృతంగా వినియోగించుకున్నారు. ఆర్థికచరిత్ర దృష్టితో చూస్తే అదే శాసనం మరొక విషయాన్ని కూడా తెలుపుతుంది. గ్రామం నుంచి రాజుకు చెందవలసిన రాబడి ప్రతిగ్రహీతకు చేరింది. అంటే అక్కడ పన్ను తొలగింపు, జీవనాధారం రెండూ ఒకే దానంలో ఉన్నాయి.

నేడు సినిమా, యానిమేషన్, సంగీతం, ప్రచురణ, ఆకృతి రూపకల్పన వంటి సృజనాత్మక పరిశ్రమల్లో అడుగుపెట్టే యువ వ్యవస్థాపకులకు ప్రభుత్వాలు ప్రకటించే ప్రోత్సాహకాల్లో పన్ను మినహాయింపుదే ప్రముఖ స్థానం. అయితే నేటి మినహాయింపు ఆదాయాన్ని ఇవ్వదు. వచ్చిన ఆదాయంపై పన్నును మాత్రమే వదిలిపెడుతుంది. ఆదాయం ఇంకా మొదలుకాని వ్యక్తికి ఆ వదిలిపెట్టడం వల్ల ఒరిగేది స్వల్పం. మాన్యానికీ మినహాయింపుకూ మధ్యనున్న ఈ భేదం తెలుగు ప్రాంతంలో ఎలా ఏర్పడిందో, ఆ క్రమంలో కొత్తవారి స్థానం ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు సినిమాను ప్రధాన ఉదాహరణగా గ్రహించడానికి కారణం స్పష్టం. పన్ను, రాయితీ, స్థలం, రుణం, బహుమతి అనే ఐదు సాధనాలనూ ప్రభుత్వాలు ప్రయోగించి చూసిన సృజనరంగం అది.

మాన్యవ్యవస్థ: భద్రత, పరిమితి

కవిపండితులకు అగ్రహారాలు, దేవాలయాల్లో ఆడిపాడేవారికి వృత్తిమాన్యాలు, మేళాలకు ఈనాములు మధ్యయుగాంధ్రదేశంలో కళాపోషణకు ఆర్థికాధారాలు. కూచిపూడి గ్రామాన్ని గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా అక్కడి భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. ఈ దానాలన్నిటికీ సమానమైన లక్షణం ఒకటి ఉంది. కళాకారుడు ఈ ఏడు ఎంత సంపాదించాడన్నదానితో వాటికి నిమిత్తం లేదు. ప్రదర్శన రక్తికట్టకపోయినా, కావ్యం సగంలో నిలిచినా భూమి ఫలసాయం ఆగేది కాదు. సృజనలోని అనిశ్చితిని మాన్యం భరించింది.

అయితే ఈ వ్యవస్థను ఆదర్శంగా భావించడం చరిత్రకు న్యాయం కాదు. మాన్యం వంశపారంపర్యం. అది కులాన్ని, వృత్తిని, ఊరిని ఆశ్రయించి ఉండేది. ఆ పరిధికి వెలుపల పుట్టిన ప్రతిభావంతుడికి అందులో ప్రవేశం లేదు. మాన్యం లోపలివారికి భద్రతనిచ్చింది; బయటివారికి అవకాశమివ్వలేదు.

మద్రాసు రాజధానిలో 1858లో ఈనాం కమిషన్ పని మొదలుపెట్టడంతో ఈ వ్యవస్థ స్వరూపం మారింది. ఈనాం హక్కులను విచారించి, కొంత పన్ను నిర్ణయించి, అనేక ఈనాములను వ్యక్తిగత ఆస్తులుగా స్థిరపరచారు. దానితో భూమికీ సేవకూ ఉన్న సంబంధం సడలింది. ఆంధ్రప్రాంతంలో 1956 నాటి ఈనాముల రద్దు, రైతువారీ మార్పిడి చట్టం ఈ క్రమాన్ని పూర్తిచేసింది. ఈలోగా కళారంగంలో కొత్త ఆర్థికాధారం ఏర్పడింది. అది టికెట్టు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ఆరంభమైన సురభి నాటకసమాజం క్రమంగా అనేక సమాజాలుగా విస్తరించి, ఊరూరా డేరాలు వేసి, ప్రేక్షకుడి రుసుముపై నిలిచింది. రాజు స్థానంలోకి ప్రేక్షకుడు వచ్చాడు. పుట్టుకతో నిమిత్తం లేకుండా ఎవరైనా ప్రవేశించగల రంగం ఏర్పడింది. నష్టాన్ని మాత్రం ప్రవేశించినవాడే భరించాలి.

ఈ మార్పు ఫలితం తెలుగు సినిమా పుట్టుకలోనే కనిపిస్తుంది. 1921లో ‘భీష్మప్రతిజ్ఞ’ మూకీని నిర్మించిన రఘుపతి వెంకయ్య, దానికి దర్శకత్వం వహించిన ఆయన కుమారుడు ఆర్. ప్రకాశ్ ఏ ప్రభుత్వ ఆదరణా లేకుండానే స్టూడియో స్థాపించారు. ఇరవైల తొలినాళ్లలో ఉన్న ప్రకాశ్‌కు విదేశీ శిక్షణ, పెట్టుబడి రెండూ తండ్రి సమకూర్చినవే. సృజనరంగంలో యువకుడి ప్రవేశానికి కుటుంబధనమే పూచీ కావడం ఆనాడే మొదలైంది.

విలాసంగా వినోదం

వలస ప్రభుత్వం సినిమాను మొదట గుర్తించింది ఆదరించదగిన కళగా కాదు, పన్ను విధించదగిన విలాసంగా. బెంగాల్ 1922లోను, బొంబాయి 1923లోను వినోదాలపై పన్ను చట్టాలు చేశాయి. 1935 భారత ప్రభుత్వ చట్టం రాష్ట్ర జాబితాలో విలాసాలు, వినోదాలు, వేడుకలు, పందేలు, జూదం అన్నిటినీ ఒకే పద్దు కింద చేర్చింది. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు రెండవ జాబితాలోని 62వ పద్దు ఆ కూర్పునే స్వీకరించింది. నాటకం, సినిమా, సంగీతసభ శాసనభాషలో జూదం సరసన చేరాయి. తెలుగులో స్థిరపడిన ‘వినోదపు పన్ను’ అనే మాటలో ఈ పొరుగు కనిపించదు గాని, చట్టం ఆలోచనలో అది చివరివరకు నిలిచింది.

మద్రాసు వినోదపు పన్ను చట్టం 1939లో వచ్చింది. అదే సంవత్సరం సాధారణ అమ్మకం పన్ను కూడా వచ్చింది. మద్యనిషేధం వల్ల ఆబ్కారీ రాబడి తగ్గిన మద్రాసు ప్రభుత్వం కొత్త ఆదాయమార్గాలు వెదుకుతున్న కాలమది. ఆంధ్రరాష్ట్రం, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ ఈ చట్టాన్నే కొనసాగించాయి. పన్ను టికెట్టు మీద గనుక, దాని భారం చిత్రం బాగా ఆడినప్పుడు ఎక్కువగాను, ఆడనప్పుడు తక్కువగాను ఉండేది.

1984లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ పద్ధతిని మార్చింది. అమ్ముడైన టికెట్టుకు బదులు హాలు పూర్తిగా నిండితే వచ్చే మొత్తం వసూలును ఆధారంగా తీసుకుని, ఊరి స్థాయి, థియేటరు రకాన్ని బట్టి కొంత శాతాన్ని పన్నుగా నిర్ణయించింది. వ్యవహారంలో ‘స్లాబు పద్ధతి’గా ప్రసిద్ధమైన ఈ విధానం పన్ను ఎగవేతను అరికట్టడానికి ఉపకరించింది. అయితే ఖాళీ కుర్చీకి కూడా పన్ను పడింది. థియేటర్ల యజమానులు దీన్ని సవాలు చేయగా, వెంకటేశ్వర థియేటర్ కేసులో సుప్రీంకోర్టు 1993లో చట్టాన్ని సమర్థించింది. వసూలు సౌలభ్యం దృష్ట్యా శాసనసభకు అటువంటి వెసులుబాటు ఉన్నదన్నది ఆ తీర్పు సారాంశం.

ఆ వ్యాజ్యంలో వాదించినవారు థియేటర్ల యజమానులు. ఈ పద్ధతి కొత్త నిర్మాతపై చూపగల ప్రభావాన్ని మాత్రం వేరుగా ఊహించి చూడాలి. నిండినా నిండకపోయినా పన్ను ఒకటే అయినప్పుడు, నిండుతుందన్న నమ్మకం గల చిత్రాన్నే ప్రదర్శకుడు కోరుకోవడం సహజం. ఆ నమ్మకాన్ని ఇచ్చేది పేరున్న నటుడు, పేరున్న సంస్థ. పేరు లేనివాడి చిత్రానికి ఖాళీ కుర్చీల ప్రమాదం ఎక్కువ. పన్ను రేటు అందరికీ ఒకటే. ప్రమాదం మాత్రం అందరికీ ఒకటి కాదు.

రాయితీకి హద్దులు: స్థలం, భాష

మద్రాసులో స్థిరపడిన తెలుగు చిత్రపరిశ్రమను హైదరాబాదుకు రప్పించడం 1956 తరువాత రాష్ట్రప్రభుత్వ సాంస్కృతిక విధానంలో ముఖ్యాంశమైంది. హైదరాబాదు అమీర్‌పేటలో సారథి స్టూడియో ఏర్పడింది. 1964లో నంది బహుమతులు, 1975లో రాష్ట్ర చలనచిత్రాభివృద్ధి సంస్థ వచ్చాయి. అక్కినేని నాగేశ్వరరావు బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పేనాటికి ఆయన చిత్రరంగ ప్రవేశం జరిగి మూడు దశాబ్దాలు దాటింది. స్టూడియో స్థాపన అనుభవాన్ని, పెట్టుబడిని కోరే పని గనుక అందులో ముందు నిలిచినవారు స్థిరపడినవారే కావడంలో ఆశ్చర్యం లేదు. పరిశ్రమ తరలింపు అనే లక్ష్యానికి ఆ మార్గం ఫలించింది. కాని తరలింపు వేరు, ప్రవేశం వేరు. ఉన్న పరిశ్రమ నగరం మారింది. దానిలోకి కొత్తవాడు అడుగుపెట్టే ద్వారం వెడల్పైందా అన్నది వేరే ప్రశ్న.

స్థలం తరువాత హద్దుగా నిలిచింది భాష. ఆంధ్రప్రదేశ్ ఒక దశలో తెలుగు చిత్రాలపై 10 శాతం, ఇతర భాషా చిత్రాలపై 24 శాతం వినోదపు పన్ను విధించింది. ఆశీర్వాద్ ఫిలింస్ కేసులో సుప్రీంకోర్టు 2007లో ఈ తేడాను కొట్టివేసింది. భాష ఒక్కటే ఆధారంగా పన్నులో వివక్ష చూపడం రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని తీర్పు చెప్పింది.

ఈ తీర్పును తెలుగు భాషాభిమానానికి ఎదురుదెబ్బగా చదవడం సులభం. కాని విధానచరిత్రలో దాని ప్రాధాన్యం వేరు. ఆ రాయితీ భారీ వ్యయంతో తీసిన తెలుగు చిత్రానికీ, ఎవరికీ తెలియని యువకుడు తీసిన చిన్న తెలుగు చిత్రానికీ ఒకే శాతంలో వర్తించింది. శాతంలో సమానమైన రాయితీ రూపాయల్లో ఎక్కువ వసూలు చేసినవారికే ఎక్కువగా చేరుతుంది. కోటి రూపాయల పన్ను విధించదగిన వసూలుపై 14 శాతం తేడా అంటే 14 లక్షలు. లక్ష రూపాయలపై అదే తేడా 14 వేలు మాత్రమే. ఆ కొలమానంలో భాష ఉంది గాని కొత్తదనం లేదు.

2017 జూలై 1న వస్తుసేవల పన్ను రావడంతో రాష్ట్రాల వినోదపు పన్ను అందులో కలిసిపోయింది. 101వ రాజ్యాంగ సవరణ అనంతరం ఆ అధికారం 62వ పద్దు కింద పంచాయతులు, పురపాలక సంస్థలు మొదలైన స్థానిక సంస్థల పరిధికి పరిమితమైంది. సినిమా టికెట్టుపై పన్ను రేటు ఇప్పుడు టికెట్టు ధరను బట్టి మారుతుంది. చిత్రాన్ని తీసినవారెవరన్న ప్రశ్నకు అందులో తావు లేదు.

ఆదాయానికి ముందు అందిన సాయం

పన్ను మార్గానికి భిన్నంగా, రచన పూర్తికాకముందే పెట్టుబడి సమకూర్చిన సందర్భాలు భారతీయ చలనచిత్ర చరిత్రలో ఉన్నాయి. సత్యజిత్ రాయ్ తొలి చిత్రం ‘పథేర్ పాంచాలి’ డబ్బు చాలక నిలిచిపోయినప్పుడు పశ్చిమబెంగాల్ ప్రభుత్వం నిధులిచ్చి పూర్తిచేయించింది. 1955లో అది విడుదలైంది. ఎస్.కె. పాటిల్ నాయకత్వంలోని చలనచిత్ర విచారణ సంఘం 1951లో సమర్పించిన నివేదికలోని సూచనకు అనుగుణంగా 1960లో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఏర్పడింది. మృణాల్ సేన్ ‘భువన్ షోమ్’ (1969), అదూర్ గోపాలకృష్ణన్ తొలి కథాచిత్రం ‘స్వయంవరం’ (1972) ఆ సంస్థ రుణాలతో వచ్చినవి. ‘స్వయంవరం’ నాటికి అదూర్ వయసు 31. తాకట్టు పెట్టగల ఆస్తి కన్నా చేతిలోని కథను నమ్మి రుణమివ్వడం ప్రభుత్వ ఆర్థికసంస్థకు సాధ్యమేనని ఈ చిత్రాలు నిరూపించాయి. 1980లో ఈ సంస్థ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైంది.

తెలుగులో ఈ మార్గానికి అంతటి బలం చేకూరలేదు. 1980లో విడుదలైన ‘మా భూమి’ నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావుకు, దర్శకుడు గౌతం ఘోష్‌కు అది తొలి కథాచిత్రం. తెలంగాణ సాయుధపోరాటాన్ని చిత్రించిన ఆ సినిమా తెలుగు సమాంతర చిత్రాల్లో మైలురాయిగా నిలిచింది. అయినా దాని వెనుక ఒక తరం తొలి చిత్రాల వరస ఏర్పడలేదు. దీనికి అభిరుచి లోపమొక్కటే కారణమనడం సరికాదు. కొత్తవారికి వరుసగా పెట్టుబడి అందించే ప్రభుత్వసాధనం తెలుగులో స్థిరపడకపోవడాన్ని కూడా కారణాల్లో చేర్చాలి.

కొత్తదనాన్ని ఆంధ్రప్రదేశ్ అసలు గుర్తించలేదని కాదు. నంది బహుమతుల్లో దర్శకుడి తొలి చిత్రానికి ప్రత్యేక విభాగం ఉండేది. కాని బహుమతి చిత్రం పూర్తయ్యాక వచ్చేది. పూర్తిచేయగలిగినవాడికే అది అందుతుంది. కొత్తవాడిని గుర్తించే విభాగం బహుమతుల పట్టికలో ఉండి, పన్ను చట్టంలో లేకపోవడం గమనార్హం.

1998లో కేంద్రం సినిమాకు పరిశ్రమ హోదా ప్రకటించింది. దానితో బ్యాంకుల తలుపులు తెరుచుకుంటాయన్న ఆశ కలిగింది. బ్యాంకు రుణానికి ఆస్తి, పూర్వచరిత్ర కావాలి. ఆ రెండూ లేకపోవడమే కొత్తవారి నిర్వచనం.

అంకురసంస్థల యుగం

2016 జనవరి 16న కేంద్రప్రభుత్వం స్టార్టప్ ఇండియా కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఆ ఏడాది ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 80–ఐఎసి సెక్షన్ అర్హతగల అంకురసంస్థ లాభాలపై వరుసగా మూడేళ్లు నూరుశాతం మినహాయింపునిచ్చింది. తెలంగాణలో 2015లో టి–హబ్ ఏర్పడింది. 2016లో యానిమేషన్, గేమింగ్, వినోదరంగాల కోసం ‘ఇమేజ్’ విధానం వెలువడింది. సృజనరంగంలోని యువ వ్యవస్థాపకుడు విధానపత్రాల్లో ఒక వర్గంగా కనిపించడం ఈ దశలోనే.

80–ఐఎసి సెక్షన్‌కు జరిగిన సవరణలు ఈ వ్యాసం ప్రతిపాదనకు బలమైన ఆధారం. ఆ మూడేళ్లను సంస్థ మొదటి ఐదేళ్లలో ఎంచుకోవాలని 2016లో నిర్ణయించారు. 2017లో ఐదును ఏడు చేశారు. 2020లో పది చేశారు. సాంవత్సరిక వ్యాపార పరిమితిని కూడా 25 కోట్ల నుంచి 100 కోట్లకు పెంచారు. లాభం అనుకున్నంత త్వరగా రాదని, లాభం లేనిచోట మినహాయింపు నిరర్థకమని శాసనమే రెండుసార్లు ఒప్పుకున్నట్లయింది. సృజనరంగంలో ఈ జాప్యం మరింత సహజం. హైదరాబాదులో 2001లో ఆరంభమైన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ దేశమంతటా ఇంటింటికీ తెలిసింది 2008లో టెలివిజన్‌కు వచ్చిన ‘ఛోటా భీమ్’తో. ఒక పాత్ర పిల్లల మనసుల్లో నిలవడానికి పట్టే కాలం లెక్కల పుస్తకపు సంవత్సరాలకు లొంగదు.

రెండవ పరిమితి సంస్థాస్వరూపం. ఈ మినహాయింపు కంపెనీకి లేదా పరిమిత బాధ్యత భాగస్వామ్యానికి మాత్రమే వర్తిస్తుంది. మంత్రిత్వశాఖల ఉమ్మడి మండలి ధ్రువపత్రం కూడా అవసరం. సొంత పేరుతో చిన్న ప్రచురణసంస్థ నడిపే యువతి, నాటకసమాజం నిర్వాహకుడు, కొత్త ఆకృతులు సృష్టించే చేనేత కళాకారుడు దీని పరిధిలోకి రారు. చట్టం లెక్కించే వయసు కూడా సంస్థదే గాని వ్యక్తిది కాదు. అరవై ఏళ్ల అనుభవజ్ఞుడు నిన్న స్థాపించిన కంపెనీ చట్టం దృష్టిలో కొత్తది. పాతికేళ్ల కళాకారుడు సొంత పేరుతో చేసే వ్యాపారం అసలు లెక్కలోకే రాదు.

2021లో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకం ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. 945 కోట్ల రూపాయలతో ఏర్పడిన ఈ పథకం ఆలోచన నిరూపణ దశలోనే 20 లక్షల వరకు గ్రాంటును అనుమతించింది. లాభం కోసం ఎదురుచూడకుండా ముందే అందే ఈ సాయం స్వభావరీత్యా మాన్యానికి దగ్గర. అది వంశాన్ని అడగదు. ఆ మేరకు మాన్యం కన్నా మెరుగైనది. అయితే ఉత్పత్తిలోనో సేవలోనో సాంకేతికత కీలకంగా ఉండాలన్న షరతు ఉంది. యానిమేషన్, గేమింగ్ సంస్థలు ఆ షరతును తీర్చగలవు. నాటకం, కవిత్వం, గ్రంథప్రచురణ తీర్చడం కష్టం.

రచయిత స్థానం

తెలుగు శాఖలకు నేరుగా సంబంధించిన మరో నిబంధన ఈ సందర్భంలో పరిశీలించదగింది. 2003లో ఆదాయపు పన్ను చట్టంలో చేరిన 80–క్యుక్యుబి సెక్షన్ సాహిత్య, కళా, శాస్త్రగ్రంథాల రచయితలకు రాయల్టీ ఆదాయంపై మూడు లక్షల రూపాయల వరకు మినహాయింపునిచ్చింది. పాఠ్యపుస్తకాలు, గైడ్లు, పత్రికలను మినహాయించి, స్వతంత్రరచనను ప్రత్యేకంగా గుర్తించిన నిబంధన ఇది. కొత్త పన్ను విధానంలో ఈ మినహాయింపు లేదు. 2023–24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆ విధానమే సహజవిధానం కావడంతో, పాతదాన్ని కోరి ఎంచుకున్న రచయితకే ఈ వెసులుబాటు మిగిలింది.

సినిమా కథారచయిత, సంభాషణల రచయిత, గీతరచయిత ఆదాయపు పన్ను నిబంధనల్లో ‘సినిమా కళాకారుడు’ అనే నిర్వచనం కిందికి వస్తారు. అంటే ఒకే కవి పుస్తకం రాస్తే ఒక వర్గం, పాట రాస్తే మరొక వర్గం. రెంటిలోనూ చట్టం చూసేది వచ్చిన ఆదాయాన్నే. రాయల్టీ ఇంకా రాని తొలి సంపుటి కవి ఈ రెండు వర్గాల్లో దేనిలోనూ లబ్ధిదారు కాడు.

ముగింపు

నందంపూడి శాసనం నుంచి సీడ్ ఫండ్ వరకు సాగిన ఈ పరిశీలన మూడు అంశాలను తెలుపుతుంది. మొదటిది, పన్ను మినహాయింపు సృజనకారుడికి కాక సృజన తెచ్చిన ఆదాయానికి లభించే ఆదరణ. అందువల్ల అది స్థిరపడినవారికి చేరినంతగా కొత్తవారికి చేరదు. రెండవది, ఆదరణకు హద్దుగా కులం, స్థలం, భాష, సంస్థాస్వరూపం వేర్వేరు కాలాల్లో నిలిచాయి. తొలిప్రయత్నం అన్న హద్దు బహుమతుల్లో తప్ప స్థిరంగా నిలవలేదు. 2007 తీర్పు భాషాప్రాతిపదికను నిరాకరించినా, తొలిప్రయత్నాన్ని ప్రాతిపదికగా తీసుకోవడంపై ఆ వ్యాజ్యంలో చర్చ లేదు. మూడవది, నిజంగా కొత్తవారిని నిలబెట్టిన సందర్భాలన్నిటిలోనూ సాయం ఆదాయానికి ముందే అందింది. ‘పథేర్ పాంచాలి’కి అందిన నిధి, ‘స్వయంవరం’కు అందిన రుణం అందుకు సాక్ష్యాలు.

కళాపోషణను రాజుల ఔదార్యంగాను, సినిమా రాయితీలను పరిశ్రమ వ్యవహారంగాను విడివిడిగా చూడటం వల్ల ఈ రెంటి మధ్యనున్న సంబంధం మరుగునపడింది. దానశాసనాలను, ఈనాం రికార్డులను చదివిన పద్ధతిలోనే వినోదపు పన్ను ఉత్తర్వులను, రాయితీ లబ్ధిదారుల జాబితాలను కూడా తెలుగు సాంస్కృతికచరిత్రకు మూలపత్రాలుగా చదవవలసి ఉంది. ఒక సమాజం ఏ సృజనను విలాసంగా భావించిందో, ఏ సృజనకారుణ్ణి నమ్మి ముందుగా సాయమిచ్చిందో ఆ పత్రాల్లోనే నమోదై ఉంటుంది.